నాలుగవ ప్రశ్న

రహదారి యొకటి విశాలమైనదని విన్నప్పుడు మనము సామాన్యముగా మూడు ప్రశ్నలు వేయుదుము: ఎంత పొడవు? ఎన్ని వరుసలు? ఎంత వేగముగా పోవచ్చును? ఇంటివారు అడుగవలసిన నాలుగవ ప్రశ్న యొకటి కలదు. దానిని నడిచి దాటుట యెట్లు?

మేము సికింద్రాబాదున బోయినపల్లిలో, 44వ నంబరు జాతీయ రహదారికి చేరువను కాపురమున్నాము. శ్రీనగరమునుండి కన్యాకుమారి వరకు 3,700 కిలోమీటర్లకు పైబడి సాగు నీ బాటకంటె పొడవైనది దేశమున లేదు. మా వైపు భాగము మునుపు కాశినుండి బయలుదేరు 7వ నంబరు రహదారిలోనిది. 2010వ సంవత్సరమున నంబర్లు మార్చినప్పుడు, ఉత్తర దక్షిణములుగా పోవు ప్రధాన రహదారులకు సరిసంఖ్యలను, తూర్పు పడమరలుగా పోవువానికి బేసిసంఖ్యలను ఇచ్చిరి. అందుచేతనే పుణెనుండి హైదరాబాదు మీదుగా మచిలీపట్నమునకు పోవునది 9 మాని 65 అయినది.

ఈ బాట చేయు నుపకారము నేనెరుగనిది కాదు. నాగపురమున నుద్యోగము చేయు మా తమ్ముడు రాత్రి బస్సెక్కి తెల్లవారుసరికి మా గుమ్మమున నుండును. దూరపు జిల్లాలలో పండిన కూరగాయలు ఇట్టి బాటల మీదనే వచ్చి మా బోయినపల్లి మార్కెట్టున దిగును.

కాని మా పిన్నిగారి యిల్లు రోడ్డునకు ఆవలి ప్రక్కనున్నది. మా డాబా మీదినుండి చూచిన వారి పెరటి కొబ్బరిచెట్టు కనబడును. ఆమెకు డెబ్బదియేండ్లు దాటినవి. పూర్వము సాయంకాలము నడచి వచ్చి, కాసేపు కూర్చుండి, దీపాలవేళకు మరలి పోయెడిది. ఇప్పుడు ఆటో కట్టించుకొని, వాహనములు మరలు చోటివరకు పోయి తిరిగి రావలెను. అందుచే రాకపోకలు పండుగలకే పరిమితమైనవి. కారణమడుగగా, “నా మోకాళ్లకోసం లారీలు ఆగుతాయటే?” అని నవ్వినది. నాగపురపు తమ్ముడు ఇరుగుపొరుగువాడైనాడు. ఎదుటి ప్రక్క పిన్ని దూరపు చుట్టమైనది.

ఇది మా యింటి ముచ్చట మాత్రమే యైనచో వ్రాయవలసిన పని లేదు. ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022వ సంవత్సరమున దేశములో రోడ్డు ప్రమాదములవలన 1,68,000 మందికి పైగా మరణించిరి. వారిలో పాదచారులే 32,000 మందికి మించిరి. దేశపు రోడ్ల మొత్తము పొడవులో జాతీయ రహదారులు సుమారు నూటికి రెండు వంతులే. ఆ మరణములలో మూడవవంతునకు పైగా ఆ రెండు వంతులమీదనే జరిగినవి.

“రోడ్డు వాహనములకొరకు గదా!” అని కొందరందురు. సొమ్మెవరిదో విచారింతము. 1929వ సంవత్సరమున బ్రిటిషిండియాలో పెట్రోలు గాలనుకు రెండణాల చొప్పున అదనపు సుంకము విధించి రోడ్లనిధి నేర్పరచిరి. నేడును పెట్రోలు, డీజిలులపై రోడ్లకని పన్ను వసూలగుచున్నది. లారీవాడు కట్టిన పన్ను ఉల్లిగడ్డల ధరలో కలియును. కనుక ఎన్నడును కారెక్కని యిల్లాలు సయితము కూరగాయల సంచితో రోడ్డుపన్ను చెల్లించుచునే యున్నది. సొమ్మిచ్చినవారికి దాటు హక్కు లేదనుట న్యాయము కాదు.

మా రహదారిపైన ప్యారడైజు కూడలినుండి డెయిరీఫారము రోడ్డు వరకు ఎత్తుబాట నిర్మించుటకు 2024వ సంవత్సరము మార్చి నెలలో శంకుస్థాపన జరిగినది. దూరప్రయాణపు బండ్లు పైనుండి పోవుట మంచిదే. అయితే క్రింది నేల యెవరిదను విషయము నిర్మాణమునకు ముందే తేలవలెను. మెట్లవంతెన యొకటి నిలిపి పాదచారుల పని తీరినదనుట చాలదు. మెట్లెక్కగలవారికే అది వంతెన. నేలమీదనే దాటుచోట్లుండవలెను. అచ్చటి యెర్రదీపము ముసలివారు ఆవలి గట్టు చేరువరకు వెలుగవలెను. నడచుటకు ఎడతెగని కాలిబాట యుండవలెను.

ఇవి యింజనీర్ల విషయములని గృహిణులు మిన్నకుండరాదు. మీ వీధి మొగను ఒక వృద్ధురాలు రోడ్డు దాటుటకు ఎన్ని నిమిషములు కాచుకొనునో గడియారముతో చూచి వ్రాసికొనుడు. ఆ లెక్కను మీ ప్రతినిధికి పంపుడు. ఆ నాలుగవ ప్రశ్నకు బదులు వచ్చువరకు మరల మరల నడుగుడు.