ఫీజు బదులు రాగి తీగ పెట్టిన, ఆ తప్పు మీరు చేయకండి

ఇయ్యాల పంట ముచ్చట కాదు, బండి ముచ్చట. కొంచెం పొడుగుంటది. ట్రాలీ ఉన్నోళ్లు, బోరు మోటరు ఉన్నోళ్లు మాత్రం చివరిదాకా చదవండి. నా తప్పు నేనే చెప్పుకుంటున్న, మీరు నవ్వినా ఏమనుకోను.

మా ఆకుకూరలు వారానికి నాలుగు రోజులు చేవెళ్ల దిక్కు నుంచి కొండాపూర్ పోతయి. సాయంత్రం కోసి, కట్టలు కట్టి, తడి గోనెలు కప్పి, రాత్రి మూడు దాటంగనే బయలుదేరుతం. మొయినాబాద్, అప్పా జంక్షన్ దాటి ఔటర్ సర్వీసు రోడ్డు పట్టుకొని, నార్సింగి, కోకాపేట, నానక్‌రామ్‌గూడ మీదుగా పోతం. పొద్దుగాల ఏడు లోపల అపార్ట్‌మెంట్ల ముందర దుకాణం పెట్టాలె. ఎండ ఎక్కితే కొత్తిమీర తల వాల్చేస్తది, అప్పుడు సగం ధరకు కూడా అడగరు.

కొన్ని రోజుల నుంచి బండి వెనక లైట్లు పోవుడు మొదలైంది. ఫీజు తీసి చూస్తే కాలిపోయి ఉండేది. ఎర్ర రంగుది, 10 ఆంపియర్లది. కొత్తది వేస్తే ఇంటి దగ్గర మంచిగనే వెలుగుతయి. లోడు వేసుకొని పోతే దారిల ఎక్కడో మళ్లీ పోతయి. మూడు ఫీజులు అట్లనే అయిపోయినయి. నాలుగోసారి దుకాణానికి ఎవరు పోవాలని, ఇంట్ల మిగిలిన వైరు నుంచి నాలుగు రాగి పోగులు తీసి, పాత ఫీజు కాళ్లకు చుట్టి పెట్టిన. లైట్లు వెలిగినయి. ఇగ ఇది పోదు అనుకున్న. నిజంగనే పోలేదు. అదే కొంప ముంచింది.

ఆ తర్వాత మూడు రోజులు నాకు జ్వరం. మా పెద్దోడు ఒక్కడే బండి తోలుకొని పోయిండు. తీగ సంగతి వానికి చెప్పలే. చెప్పేంత పెద్ద విషయం అనిపించలే.

నాలుగో రోజు ఇద్దరం పోయినం. నానక్‌రామ్‌గూడ దాటి గచ్చిబౌలి దిక్కు వస్తుంటే, స్పీడ్ బ్రేకర్ మీద బండి ఒక్కసారి ఎగిరి కూలబడ్డది. డ్యాష్‌బోర్డు కింద రబ్బరు కాలిన వాసన వచ్చింది, ఆ వెనకనే పొగ. వాడు బండి పక్కకు తీస్తుండంగనే రాత్రి డ్యూటీ వాళ్లను దింపే క్యాబు ఒకటి వెనక నుంచి వచ్చి, ఆఖరి నిమిషంల చూసి, జానెడు సందుల పక్క నుంచి పోయింది. దిగి చూస్తే మా వెనక ఒక్క లైటు లేదు. వాడు 10 నంబరు పానతోని బ్యాటరీ నెగెటివ్ ఊడదీసిండు. అప్పుడు పొగ ఆగింది.

చుట్టూ అద్దాల మేడలు, పగటి లెక్క లైట్లు. 1998ల సైబర్ టవర్స్ తెరిచిన కాడి నుంచి ఈ దిక్కంతా కంప్యూటర్ల ఊరైంది. కానీ తెల్లారుజామున అయిదింటికి మన బండి వైరు చూసే మనిషి కావాలంటే ఎవర్ని అడగాలె? ఒక బిల్డింగు గేటు కాడ కాపలా ఉన్న తమ్ముడు ఆదుకున్నడు. మసీదుబండ దిక్కు ఒక ముసలాయన ట్రాలీ ఆటోల వైరింగు చూస్తడని చెప్పి, తనే ఫోన్ చేసిండు. ఆయన అరగంటల స్కూటర్ మీద వచ్చిండు. చేతిల ఒకటే సంచి.

నేను తొందరపడి, "చాచా, లోడు దించమంటవా? ఆకుకూర పాడైతది" అన్న. ఆయన ఫీజు డబ్బా తెరిచి, నేను చుట్టిన తీగ చూసి, నా మొఖం చూసిండు. "లోడు దించకు పటేలా. ఖాళీ బండిల ఈ దొంగ దొరకడు" అన్నడు.

ఫీజు పోయే చోట ఫీజు వేయలే. ఇండికేటర్లకు వాడే 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు కట్టి ఆ సందుల పెట్టిండు. అప్పుడు బ్యాటరీ తగిలించి లైట్ల స్విచ్ వేసిండు. వెనక లైట్లు వెలగలే, ఈ బల్బు మాత్రం ధగధగ వెలిగింది. "చూసినవా? కరెంటు లైట్ల దాకా పోతలేదు, నడిమిట్లనే ఛాసిస్‌కు తగులుతుంది. బల్బు అడ్డం ఉంటే దానికి కావలసినంతనే కరెంటు పోతది, వైరు కాలది. నువ్వు ఎంతసేపైనా వెతుక్కోవచ్చు" అన్నడు.

మనకు తెలిసినదే కానీ పట్టించుకోం: బండిల ఇనుప ఛాసిసే నెగెటివ్. ప్లస్ వైరు తోలు చినిగి ఛాసిస్‌ను ముట్టిందంటే షార్టే.

తర్వాత క్యాబిన్ వెనకున్న కప్లర్ ఊడదీసిండు. బల్బు ఆరిపోయింది. అంటే ముందర దిక్కు షార్టు లేదు, తప్పు వెనకనే ఉంది. దాన్ని మళ్లీ పెట్టి, లైట్ల కాడి కప్లర్లు తీసిండు. బల్బు వెలుగుతనే ఉంది. అంటే లైట్లల్ల తప్పు లేదు. ఇగ మిగిలింది ఆ రెండింటి నడుమ ఉన్న వైరింగు కట్ట. మనం బోరు పైపు లీకు కోసం ఒక వాల్వు బంద్ చేసి ఈ దిక్కా, ఆ దిక్కా అని చూస్తం కదా, అదే పద్ధతి. బండంతా విప్పే పని లేదు.

ఆయన కింద పండుకొని కట్టను చేత్తో కొంచెం కొంచెం కదిలించుకుంట పోయిండు. మా వాడు పైన బల్బు చూస్తున్నడు. ఎడమ దిక్కు కమాను పట్టీల కాడికి రాంగనే "ఆరింది చాచా!" అని అరిచిండు. అక్కడ కట్టను పట్టి ఉంచే ప్లాస్టిక్ టైలు రెండు కరిగిపోయి ఉన్నయి. కట్ట కిందికి వేలాడుతుంది. లోడు పడితే ఛాసిస్ కిందికి దిగుతది, కట్ట పట్టీలకు ఒరుసుకుంటది. ఖాళీగ ఉంటే దూరం జరుగుతది. ఇంటి దగ్గర ఎందుకు వెలుగుతున్నయో అప్పుడు సమజైంది.

"ఈడ వెల్డింగ్ చేయించినవా?" అని అడిగిండు. రెండు నెలల కింద క్రేట్లు జారకుండ పక్కకు ఇనుప పట్టీ వెల్డింగ్ చేయించిన. ఆ వేడికే టైలు కరిగినయి. వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ కూడా తీయలే. "బండికి వెల్డింగ్ అంటే ముందు బ్యాటరీ తీయాలె, వైరింగ్ పక్కకు జరపాలె" అని చెప్పిండు.

పట్టీల కాడ చెడిపోయింది జానెడు వైరు. దానికంటే ఎక్కువ, రెండు మూరల వైరు, డ్యాష్‌బోర్డు కింద ముద్దగ కరిగింది. అది పట్టీల తప్పు కాదు, నా రాగి తీగది. అసలు ఫీజు ఉంటే అదొక్కటే కాలి ఊకునేది.

చెడినంత కోసేసి, అంతే లావు కొత్త వైరు వేసిండు. అతికే ముందే స్లీవు ఎక్కించి, పోగులు మెలేసి, స్లీవు జరిపి లైటరుతో వేడి చేస్తే బిగుసుకుంది. రెండు వైర్ల అతుకులు ఒక్కకాడ పడకుండ ముందూ వెనక వేసిండు. మళ్లీ బల్బు పెట్టి చూస్తే ఇప్పుడు వెనక లైట్లు మసక, ఆ బల్బూ మసక. షార్టు పోయిందనడానికి అదే గుర్తు. బల్బు తీసి 10 ఆంపియర్ల ఫీజు వేసిండు. మధ్యాహ్నం తిరిగి వచ్చేటప్పుడు ఆయన దుకాణంల అతుకులకు సోల్డరింగ్ చేసి, పైపు తొడిగి, కట్టను ఛాసిస్‌కు మళ్లీ కట్టించుకున్నం.

పోయేటప్పుడు ఆయన ఒక్కమాట అన్నడు: "ఫీజు పోయిందంటే అది చెడ్డదని కాదు పటేలా, అది నీకు కబురు చెప్తుంది. నువ్వు కబురు తెచ్చినోని నోరు కట్టేసినవు."

ఆ మాట నాకు బాయికాడ కూడా గుర్తుకొస్తుంది. స్టార్టర్‌ల ఫీజు ఊకె పోతుందని లావు తీగ వేస్తం. రిలే ఊకె కొడుతుందని డైరెక్ట్ కడతం. వైండింగ్ కాలినంక మోటరు గుంజి రిపేరుకు మోసుకపోతం. ట్రాన్స్‌ఫార్మర్ కాడ మనమే ఫీజు వేయబోయి ప్రాణం పోగొట్టుకున్నోళ్ల ముచ్చట కూడా ఊర్లల్ల వింటనే ఉంటం. అక్కడ చెయ్యి పెట్టకండి, లైన్‌మన్ వచ్చేదాకా ఆగండి.

ఆ రోజు సగం కొత్తిమీర వాడిపోయింది. దానికి బాధ లేదు. తిరుగు దారిల మా పెద్దోడు, "నాయినా, ఆ మూడు రోజులు నేను ఒక్కన్నే తోలిన గదా, అప్పుడు కూడా ఆ తీగనే ఉండెనా?" అని అడిగిండు. ఉండె అని చెప్పిన. వాడు ఇంకేం అనలే. మొయినాబాద్ దాకా ఇద్దరం మాట్లాడలే.

ఇప్పుడు బండిల రంగురంగుల ఫీజులు ఒక డబ్బా, 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు కట్టింది ఒకటి, 10 నంబరు పాన పెట్టుకున్న. ఎర్రది 10, నీలంది 15, పసుపుది 20. ఏది పోతే అదే వేయాలె. రెండోసారి కూడా పోతే వైరు వెతకాలె.

పొద్దున బండి తీసే ముందు మీ ఫీజు డబ్బా ఒక్కసారి తెరిచి చూడండి. తీగ కనబడితే తీసి పారేయండి. మీ పిల్లలు తోలే బండి అయితే ఇప్పుడే పోయి చూడండి.