మూలన పెట్టిన ఇంజను జులైలో మొరాయిస్తే

కాల్వ శివారు ఊళ్లలో ఉన్నవాళ్లకి ఈ బాధ చెప్పక్కర్లేదు. దాళ్వాకి చివరి తడి పెట్టి మార్చిలో కొట్టంలో పెట్టిన పెట్రోల్ ఇంజను, జులైలో బయటికి తీస్తే స్టార్ట్ అవదు. నీళ్లేమో వంతుల మీద వస్తాయి. వంతు తప్పితే డ్రెయిన్‌లోంచి తోడుకోవాల్సిందే.

ఈ ఏడు మాకూ అదే అయ్యింది. ఇంజను నాదీ మా తమ్ముడిదీ ఉమ్మడి. నాలుగెకరాలకి 20 సెంట్లలో నారు పోసి 12 రోజులైంది, మడి నెర్రెలిస్తోంది. ఆడవాళ్లు బిందెలతో పోస్తుంటే ఈ మూల తడిసేలోపు ఆ మూల ఆరిపోతోంది. తమ్ముడు తాడు లాగి లాగి అరచేతులు బొబ్బలెక్కించుకున్నాడు. మెకానిక్‌కి ఫోన్ చేస్తే సీజను, రెండు రోజులు పడుతుందన్నాడు. "దీన్ని పాత ఇనుముకి వేసి కొత్తది కొందాం అన్నయ్యా" అన్నాడు తమ్ముడు. ఒక్క గంట ఆగరా, చూద్దాం అన్నాను.

ఇంజను నడవడానికి కావాల్సినవి మూడే: పెట్రోలు, నిప్పురవ్వ, లోపల ఒత్తిడి. ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంటూ పోవాలి. అన్నీ ఒకేసారి విప్పితే ఏది చెడిందో తెలీదు.

ముందు ఆయిలు. కొన్ని ఫోర్ స్ట్రోక్ ఇంజన్లలో ఆయిలు తగ్గితే నిప్పురవ్వ రాకుండా ఆపేసే స్విచ్ ఉంటుంది. ఇంజను చదునుగా పెట్టి చూడండి. మాది సరిగ్గానే ఉంది. తాడు లాగితే చేతికి బరువుగా ఆనింది, అంటే ఒత్తిడి ఉంది. ప్లగ్గు విప్పితే పొడిగా ఉంది. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, రవ్వ లేదని అనుమానించాలి. పొడిగా ఉంటే పెట్రోలే అందట్లేదు. ప్లగ్గుని టోపీకి తగిలించి, ఇంజను ఇనుముకి ఆనించి తాడు లాగితే నీలం రవ్వ కొట్టింది. ఈ పని పెట్రోలు వాసన లేనిచోట చెయ్యండి. బీడీ మాత్రం పక్కన పెట్టండి.

ఇక మిగిలింది కార్బొరేటర్. నెలల తరబడి నిలవున్న పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, అది గాలిలో తేమని లాక్కుంటుంది. తేమ మరీ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుక్కి దిగుతాయి. కాక్ లాగేది అడుగునుంచే కదా.

పాత పెట్రోలు డబ్బాలోకి తీసేశాం. కాక్ కట్టేసి కార్బొరేటర్ కింది గిన్నె విప్పితే బెల్లం పాకంలా జిగురు. జెట్టుని ఆకాశంకేసి పెట్టి చూస్తే వెలుతురు కనపడలేదు. వైరులోంచి తీసిన ఒక్క రాగి పోగుతో మెల్లగా పొడిచి, క్లీనర్ కొట్టి, సైకిల్ పంపుతో గాలి పెట్టాం. ఇనప తీగ వాడొద్దు, రంధ్రం పెద్దదైపోతుంది. కొత్త పెట్రోలు పోసి, చోక్ వేసి లాగితే మూడో లాగుడికి లేచింది. చోక్ తీయగానే ఆగిపోయింది. చోక్ మీదే నడుస్తోందంటే సన్న దారి ఇంకా పూడే ఉందని గుర్తు. మళ్లీ విప్పి, పక్కనున్న చిన్న జెట్టు కూడా శుభ్రం చేశాం. అప్పుడు నిలకడగా నడిచింది.

అయినా నీళ్లు రాలేదు! పంపులో ముందే నీళ్లు నింపాం. ఉత్తిగా తిప్పితే సీలు కాలిపోతుంది. ఫుట్ వాల్వు బాగానే ఉంది. క్లాంపు దగ్గర సక్షన్ పైపు చీలి గాలి లాగుతోంది. ఆ ముక్క కోసేసి బిగించాం. పొద్దుగూకేసరికి మడి తడిసింది. కొత్త ఇంజనుకి పెట్టాలనుకున్న డబ్బు ఎరువులకి మిగిలింది. అంతకన్నా ముఖ్యం, ఉమ్మడి సామాను దగ్గర "నువ్వు దాచావంటే నువ్వు దాచావు" అన్న మాట మా ఇళ్లలో పుట్టలేదు. ఇంజను చెడితే బాగుచేసుకోవచ్చు. అన్నదమ్ముల మధ్య మాట చెడితే దానికి ఏ మెకానిక్కూ రాడు.

పని అయిపోయాక ఇంజను దాచేటప్పుడు ట్యాంకు ఖాళీ చెయ్యండి. కాక్ కట్టేసి, దానంతట అది ఆగేదాకా నడపండి. గిన్నెలో మిగిలిన చుక్కలు కూడా వదలండి. ప్లగ్గు తీసి ఒక చెంచా ఆయిలు పోసి, తాడు రెండుసార్లు మెల్లగా లాగి ప్లగ్గు బిగించండి. పంపులో నీళ్లు వంచేయండి. కందిరీగలు గూడు పెట్టకుండా సైలెన్సర్‌కి గుడ్డ కట్టండి, తీసేటప్పుడు విప్పడం మర్చిపోవద్దు. మందు కొట్టే టూ స్ట్రోక్ స్ప్రేయర్లకీ ఇంతే. ఆయిలు కలిపిన పెట్రోలు నెలల తరబడి ఉంచకండి.

ఇదంతా అరగంట పని. ఉమ్మడి ఇంజనైతే ఇద్దరూ దగ్గరుండి చేసుకోండి.