బాపు ఏం చేస్తడు?

ఫస్టియర్ అప్లికేషన్‌లో "తండ్రి వృత్తి" అన్న గడిలో నేను రాసింది "వ్యవసాయం". మూడేళ్లూ అదే రాశాను. నిజానికి మా బాపు తాళ్లు ఎక్కుతడు, కల్లు గీస్తడు. ఈ సంగతి మా రూమ్మేట్స్‌కి కూడా తెలీదు. ఇప్పుడు మీ అందరికీ చెప్తున్నానంటే కారణం ఇంగ్లండ్‌లోని ఒక పాత పబ్బు.

పోయిన సమ్మర్‌లో ఇంటర్న్‌షిప్ కోసం రీడింగ్‌లో ఉన్నాను. ఒక ఆదివారం ల్యాబ్ సీనియర్ "పద, అసలైన పల్లెటూరి పబ్బు చూపిస్తా" అన్నాడు. గోరింగ్ దాకా రైలు, అక్కడి నుంచి ఆల్డ్‌వర్త్ అనే చిన్న ఊరికి నడక. అంతా ఎత్తే, ఆయాసం వచ్చేసింది. పబ్బు పేరు ద బెల్ ఇన్.

పబ్బు అనగానే నాకు డీజే, రంగు లైట్లే గుర్తొస్తాయి. ఇక్కడ అవేం లేవు. బార్ కౌంటర్ కూడా లేదు, చిన్న అద్దాల కిటికీలోంచి గ్లాసు అందిస్తారు. పాత చెక్క బల్లలు, మెల్లగా మాట్లాడుకునే ఊరి జనం. రెండు వందల ఏళ్లకు పైగా ఒకే కుటుంబం నడుపుతోందట. 1990లో, మళ్లీ 2019లో దేశంలోనే బెస్ట్ పబ్బుగా అవార్డు వచ్చింది. ఇచ్చింది కామ్రా. పీపా బీరును కాపాడుకోవడానికి తాగేవాళ్లే 1971లో పెట్టుకున్న సంఘం అది.

ఈ కాస్క్ ఏల్ కథ మన బ్రాంచ్ వాళ్లకి నచ్చుతుంది. మామూలు బాటిల్ బీరులో ఈస్టును తీసేస్తారు, లేదా వేడి చేసి చంపేస్తారు. ఇందులో ఈస్టు బతికే ఉంటుంది, పీపాలోనే ఇంకోసారి పులుస్తుంది. బయటి నుంచి గ్యాస్ ఎక్కించరు. సెల్లార్‌లో 11 నుంచి 13 డిగ్రీల దగ్గర ఉంచి, చేతి పంపుతో పైకి లాగుతారు. అలాంటి పంపుకు 1797లో పేటెంట్ తీసుకున్నది ఎవరో తెలుసా? జోసెఫ్ బ్రామా. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో మనం బట్టీ కొట్టిన హైడ్రాలిక్ ప్రెస్ ఆయనే!

"పీపా తెరిచాక మూడు రోజుల్లో అయిపోవాలి, లేకపోతే పుల్లబడుతుంది" అన్నాడు సీనియర్. నాకు నవ్వొచ్చింది. పొద్దుగాల దించిన కల్లు గురించి బాపు చెప్పేదీ ఇదే మాట. కాకపోతే కల్లుకి మూడు రోజులు కాదు, మూడు పూటలు కూడా ఎక్కువే.

పక్క బల్ల దగ్గరి పెద్దాయన మాట కలిపి, "మీ నాన్న ఏం చేస్తారు?" అని అడిగాడు. "వ్యవసాయం" నాలుక చివరిదాకా వచ్చింది. చుట్టూ చూశాను. తరతరాల పని అని గర్వంగా చెప్పుకునే ఇల్లు అది. మా తాత, ముత్తాతలదీ తరతరాల పనే కదా! మోకు, ముస్తాదు, గీత కత్తి, లొట్టి... వచ్చీరాని ఇంగ్లిష్‌లో అన్నీ చెప్పాను. చెట్టు మీంచి పడి బాపు రెండు నెలలు మంచంలో ఉన్న సంగతి, ఆ ఏడాదే నా ఇంటర్ ఫీజు కట్టిన సంగతి కూడా. పెద్దాయన గ్లాసు కింద పెట్టి మొత్తం విన్నాడు.

రాత్రి ఫోన్ చేసి చెప్తే బాపు అన్నీ విని, "ఆడ చెట్లు ఎక్కేటోళ్లు లేరా మరి?" అన్నడు. లేరన్నాను. "మంచిదే. పడే భయం లేదు" అన్నడు.

ఈ ఏడాది స్కాలర్‌షిప్ ఫారంలో "కల్లు గీత" అని రాశాను. ఆఫీసులో చదివారు, స్టాంపు వేశారు. అంతే. మూడేళ్లు నేను భయపడింది దీనికే.