నాయన గాలం

మాది ఊరిగాం. నాయన మిల్లులో పనిచేసినాడు. గనిలోంచి పైకొచ్చిన రాయి పొడి అయ్యేది అక్కడే కదా, షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. అమ్మ వాకిట్లోనే చెంబుతో నీళ్లందించేది. వారమంతా ఆ చప్పుడులో నిలబడిన మనిషికి ఆదివారం చప్పుడు లేని చోటు కావాల. అందుకే సైకిలు తీసి బేతమంగలం పోయేవాడు. వెనక కేరియర్ మీద నేను, నా చేతిలో వెదురుకర్ర.

గోల్డ్‌ఫీల్డ్స్ కొళాయిల్లో మనం తాగిన నీళ్లు బేతమంగలం చెరువువే. నంది కొండల వైపు పుట్టిన పాలారు ఆ చెరువును నింపి, మొరవ దాటి కిందికి పోతుంది. మొరవకు దిగువన గట్టు మీద మా చోటు. "ఇంత దూరం ఎందుకు నాయనా, వానొస్తే మన సైనైడ్ దిబ్బల కింద కూడా మడుగులు కడతాయి కదా" అని ఒకసారి అడిగినాను. "ఆ నీళ్లలో కాలు గూడా పెట్టొద్దురా. చేప తినేవాడు ముందు నీళ్లు చూడాల" అన్నాడు.

ఎరకు వానపాములు మా జాలాది వెనక తడి మట్టిలో దొరికేవి. అవి లేకుంటే రాత్రి మిగిలిన రాగిసంగటిని చిన్న ఉండలు చేసి గాలానికి గుచ్చేవాళ్లం. బెండుకు నెమలీక కాడ. పరిగె కొరికితే కాడ టుకటుకమని ఆడుతుంది, అప్పుడు లాగితే ఎర పోతుంది, చేపా పోతుంది. జిలేబి అయితే కాడను పక్కకు ఈడ్చుకొని పోతుంది, మునిగినాక మణికట్టు ఒక్కసారి తిప్పితే చాలు. జిలేబిని తల వైపునుంచి వీపు ముళ్లు అణచిపెట్టి పట్టుకోవాల, లేకుంటే అరచెయ్యి చీరుతుంది. ఈ జిలేబి మన చేప కాదు, ఆఫ్రికా జాతి. 1952లో మన దేశానికి తెచ్చినారు. ఆడది గుడ్లనూ పిల్లల్నీ నోట్లో పెట్టుకొని కాపాడుతుంది. అట్లాంటిది దొరికితే నాయన మాట్లాడకుండా నీళ్లలోకి వదిలేసేవాడు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినాయి. నేనప్పుడు పదో తరగతి. లైన్లలో మగవాళ్లు ఒక్కొక్కరే తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కడం మొదలుపెట్టినారు. మా నాయన మాత్రం ఆదివారం అని లేకుండా రోజూ గాలం పట్టుకొని బేతమంగలం పోయేవాడు. సాయంత్రానికి నాలుగు వేళ్లంత చేపలు అయిదారు తెచ్చేవాడు. నాకు స్నేహితుల ముందు తలకొట్టేసినట్టు ఉండేది. ఒకరోజు ఉండబట్టలేక, "ఇంత పొడుగు దినమంతా కూర్చుంటే ఈ పిల్ల చేపలేనా నాయనా, పనికి పోకూడదా?" అనేసినాను. అమ్మ నా వైపు కోపంగా చూసింది. నాయన సంగటి ముద్ద తుంచుకుంటా ఉండిపోయినాడు.

కొన్నాళ్లకు ఆయన సద్ది మరిచిపోయి వెళ్తే, అమ్మ నన్ను పంపించింది. గట్టు దగ్గరికి వచ్చేసరికి నాయన ఒక పెద్దావిడతో మాట్లాడుతున్నాడు. తడిపిన గోనెసంచిలోంచి రెండు కొర్రమీన్లు తీసి ఇచ్చినాడు, రెండూ ఇంకా బతికే ఉన్నాయి. ఆమె శేరుతో కొలిచి ఆయన సంచిలో రాగులు పోసింది. ఇంట్లో మాత్రం ఆ రాగులు ఎవరో పాత బాకీ తీరుస్తున్నారని చెప్పేవాడు. మిల్లులో జీతం తీసుకున్న మనిషికి, చేపలిచ్చి గింజలు తెస్తున్నానని పెళ్లాం బిడ్డలకు చెప్పడం కష్టంగా ఉండిందేమో.

నేను ముందుకు పోలేదు. సద్ది మూటను ఆయన సైకిలుకు తగిలించి వచ్చేసినాను. ఆ రాత్రి అమ్మ చిన్న చేపలను బూడిదతో రుద్ది పులుసు పెట్టింది. "ముళ్లు ఎక్కువ, చూసి తిను" అన్నాడు నాయన. తల ఎత్తకుండా తిన్నాను. సద్ది ఎవరు తెచ్చినారని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇప్పుడు నేనూ బెంగళూరు రైలెక్కేవాడినే. నాయన పోయి చాన్నాళ్లయింది. 2021 నవంబరు వానలకు పాలారు పొంగింది. నీళ్లు కుదురుకున్నాక నా బిడ్డను గట్టుకు తీసుకుపోయి గాలం వేయడం నేర్పించినాను. పొద్దు వాలేదాకా కూర్చున్నా మూడు పరిగెలే పడినాయి. "ఇంతేనా నాయనా?" అని నవ్వింది. అప్పుడు కొర్రమీన్ల సంగతి దానికి చెప్పినాను. చిన్న చేపలు తెచ్చినాడని ఆయన్ను దెప్పినానే గానీ, పెద్దవి ఏమైనాయని ఒక్కరోజూ అడగలేదు.

ఆ ఏళ్లలో మన లైన్లలో ప్రతి ఇంట్లో ఇట్లాంటిది ఏదో ఒకటి జరిగే ఉంటుంది. మీ పెద్దోళ్లు ఇంకా ఉంటే, పక్కన కూర్చొని అడగండి. నేనైతే ఆలస్యం చేసినాను.