రైడుకెంత పడింది?

మా అత్తయ్య తెనాలిలో ఇరవై రెండేళ్ళు చీటీలు నడిపారు. అందరూ వీధివాళ్ళే. అన్నేళ్ళలో ఒక్క పాట మీదా తగాదా రాలేదంటే ఆవిడ దగ్గరున్న పొడుగు నోటుపుస్తకమే కారణం. 2024 ఏప్రిల్‌లో అట్లాంటా పక్కన మా ఇంటికి వచ్చినప్పుడు కూడా అలాంటి పుస్తకం ఒకటి సూట్‌కేసులో ఆవకాయ సీసాల మధ్య దోపుకొచ్చారు. అమెరికా వచ్చిన పెద్దవాళ్ళు ప్రతి ధరనీ రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకుంటారు కదా, ఆవిడకి ఆ అలవాటు లేదు. "సంపాదించేది డాలర్లు, ఖర్చు పెట్టేది డాలర్లు, మధ్యలో రూపాయెందుకమ్మాయ్?" అంటారు. ఆవిడ అడిగేది ఒక్కటే: పెట్టినదానికి ఎన్ని వచ్చాయి?

వచ్చిన వారానికే ఆవిడ కన్ను మా ఫ్రిజ్ మీది ఫోటోపై పడింది. ఓర్లాండో దగ్గరి డిస్నీ వరల్డ్‌లో కోట ముందు నలుగురం. 2023 డిసెంబర్ 27. "ఎంతయింది?" అని పుస్తకం తెరిచారు. అంతవరకు నేనూ మా ఆయనా ఆ లెక్క ఎప్పుడూ కూడలేదు. భయమే కారణమనుకుంటా. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఒక్కరోజుకి మాకిద్దరికీ, పెద్దదానికీ టికెట్లు పన్నుతో దాదాపు 600 డాలర్లు. చిన్నాడికి అప్పుడు రెండేళ్ళే, టికెట్టు లేదు. పార్కింగ్ 30. హోటల్లో రెండు రాత్రులకి 472. పెట్రోలు 110. తిండి 142. బొమ్మలు, మిక్కీ చెవుల టోపీలు 96. పిల్లాడి బండి అద్దె 15. మొత్తం 1,465.

"ఎన్ని ఎక్కారు?"

నాలుగు. పీటర్ పాన్ కోసం రెండు గంటలు నిలబడ్డాం. ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ పడవ, ఏనుగు బొమ్మల డంబో, రంగులరాట్నం. ఆ తర్వాత చిన్నాడు ఏడుపు లంకించుకుంటే బాణసంచా కూడా చూడకుండా తిరిగొచ్చేశాం.

అత్తయ్య హోటలూ తిండీ పక్కన పెట్టి టికెట్లు, పార్కింగ్ వరకే నాలుగుతో భాగించారు. 157 చిల్లర. పెన్సిల్ ఆపి, కళ్ళజోడు పైనుంచి చూశారు. "రంగులరాట్నం కూడానా! కోటప్పకొండ తిరనాళ్ళలో ఉండేదేగా అది?"

ఆవిడకి మేం చెప్పనిది ఇంకొకటుంది. ఆ ప్రయాణమంతా క్రెడిట్ కార్డు మీదే నడిచింది. ఏప్రిల్ దాకా తీరుస్తూ వచ్చాం, వడ్డీ డెబ్బై డాలర్లు దాటింది. రంగులరాట్నం మీద వడ్డీ కట్టామన్నమాట.

తప్పు పార్కుది కాదు, మేం ఎంచుకున్న తేదీది. డిస్నీ వరల్డ్‌లో టికెట్టు ధర రోజును బట్టి మారుతుంది. 2018 నుంచి అన్ని టికెట్లకీ ఇదే పద్ధతి. అవే గేట్లు, అవే రైడ్లు, క్రిస్‌మస్ వారంలో ఒక ధర, పిల్లలంతా బళ్ళో ఉన్నప్పుడు ఇంకో ధర. మనకిది కొత్తేం కాదు. లగ్గసరిలో కల్యాణ మండపం అద్దె ఎంత, మూఢంలో ఎంత? అత్తయ్యకి ఈ మాట చెప్పగానే అర్థమైపోయింది. "అయితే వాళ్ళకి మూఢం ఎప్పుడో చూడండి, అప్పుడెళ్దాం" అన్నారు. ‘వెళ్దాం’ అనే మాటలో ఆవిడ తనను కూడా కలుపుకున్నారని మా ఆయన కాస్త ఆలస్యంగా గమనించాడు.

డిస్నీకి మూఢాలు ముఖ్యంగా రెండు. కొత్త సంవత్సరం సెలవులు అయిపోయాక జనవరిలో కొన్నాళ్ళు. బళ్ళు తెరిచాక, ఆగస్టు ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా. మా జార్జియాలో బళ్ళు ఆగస్టు మొదట్లోనే తెరుస్తారు. ఉత్తరాది రాష్ట్రాల్లో చాలాచోట్ల లేబర్ డే దాటాక గానీ తెరవరు. కాబట్టి సెప్టెంబరు రెండో వారానికి దేశంలో పిల్లలందరూ తరగతి గదుల్లో ఉంటారు. మన పిల్లలు కూడా ఉండాలి కదా అన్నది మా ఆయన అభ్యంతరం. పెద్దది రెండో తరగతి, అయిదు రోజులు బడి పోతుంది. దీని మీద మాకు వారం రోజులు మాటల్లేవు. చివరికి కుదిరిన ఒప్పందం ఇది: ప్రైమరీలో ఉన్నంతవరకే ఈ పని, మిడిల్ స్కూలుకి వచ్చాక ఒక్కరోజు కూడా ఎగ్గొట్టించేది లేదు. ఇప్పటికీ ఈ విషయంలో నా మనసు పూర్తిగా తేలిక పడలేదు. చవక కోసం బడి మానిపించడం అంత ఘనకార్యమేం కాదు.

తొందర పెట్టింది చిన్నాడి వయసు. డిస్నీలో మూడేళ్ళు నిండేదాకా టికెట్టు అక్కర్లేదు. వాడికి ఆ నవంబరులో మూడు నిండబోతున్నాయి. విమానంలో అయితే రెండు నిండగానే సీటు కొనాలి. అందుకే కారులో వెళ్దామనుకున్నాం. ఐ-75 మీద దిగి ఫ్లోరిడా టర్న్‌పైక్ ఎక్కితే మా ఇంటి నుంచి దాదాపు 470 మైళ్ళు, ఆగుతూ పోతే తొమ్మిది గంటలు. వయసు గురించి మన వాట్సాప్ గ్రూపుల్లో ఇంకో మాట తిరుగుతుంటుంది, పదేళ్ళు నిండేలోపు తీసుకెళ్ళాలి, తర్వాత పెద్దవాళ్ళ టికెట్టేనని. నిజమే, కానీ ఆ రెండు టికెట్ల మధ్య తేడా కొద్ది డాలర్లే. దాని కోసం పరుగెత్తి క్రిస్‌మస్‌లో వెళ్ళిన కుటుంబం మాకు తెలుసు.

మే నుంచి రెండు వారాలకోసారి వచ్చే జీతంలో 300 చొప్పున విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో వేశాం. సెప్టెంబరుకి తొమ్మిది జీతాలు, 2,700. ఇందులో తెలివేం లేదు. కార్డు గీకకూడదన్న పంతం, అంతే.

డిస్నీవాళ్ళు ఆ వేసవికి తమ నాలుగు పార్కులకీ కలిపి టికెట్టొకటి పెట్టారు. నాలుగు రోజులు, రోజుకో పార్కు, వెళ్ళిన పార్కుకి మళ్ళీ వెళ్ళడం కుదరదు, రోజుకి 99 డాలర్ల నుంచి. క్రిస్‌మస్‌లో ఒక్కరోజుకి తలకి పన్ను కాక 189 దాకా కట్టిన మాకు 99 అనే అంకె ఎంత ముద్దుగా కనిపించిందో చెప్పలేను. నలుగురికి పన్నుతో 1,680 దాకా అయింది. ఆ 99 గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాను.

బసకి పార్కుల దగ్గర్లోని కిసిమీలో రెండు పడగ్గదుల ఇల్లు దొరికింది. ప్రకటనలో రాత్రికి 89. అయిదు రాత్రులు, అంటే 445. డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి శుభ్రం చేసినందుకు 165, బుకింగ్ రుసుము 85, ఆపైన పదమూడు శాతం పైచిలుకు పన్ను. 789 తేలింది. రాత్రికి 158. అప్పటికే పిల్లలకి ఈతకొలను ఫోటో చూపించేశాం, వెనక్కి తగ్గలేకపోయాం. చివరి పేజీ చూడకుండా పిల్లలకి ఫోటోలు చూపించకూడదని ఆరోజు తెలిసింది. అయినా ఆ 789 నాకు కష్టంగా అనిపించలేదు. మేం కొన్నది పడగ్గదులు కాదు, వంటగది.

పార్కులోకి బయటి తిండి తెచ్చుకోనిస్తారన్న సంగతి చాలామంది తెలుగువాళ్ళకి తెలియదు. గాజు సీసాలు, మద్యం పనికిరావు, కూలర్‌లో విడి ఐసు ఉండకూడదు, ఐస్ ప్యాకులు పెట్టుకోవచ్చు. కౌంటర్లలో అడిగితే చల్లని మంచినీళ్ళు కప్పుల్లో ఉచితంగా పోస్తారు. అత్తయ్య తెల్లవారుజామున అయిదింటికే లేచేవారు. కుక్కర్లో అన్నం వండి, పళ్ళెంలో ఆరబెట్టి, ఇంటినుంచి తెచ్చిన చింతపండు గుజ్జు కలిపి, ఇంగువ పోపు పెట్టి, నాలుగు డబ్బాల్లోకి సర్దేసరికి ఏడు. ఇంకో డబ్బాలో పెరుగన్నం. అందులో పాలు ఎక్కువ, పెరుగు రెండు చెంచాలే, మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకునేది. గేటు దగ్గర సెక్యూరిటీ అమ్మాయి డబ్బా మూత తీయించి, ఒక్క క్షణం వాసన చూసి, నవ్వి పంపించేసింది. అత్తయ్య ఆ రోజంతా ఆ సంగతే చెప్పారు. నాలుగు రోజుల్లో బయట తిన్నది 71 డాలర్లు, అదీ ఎక్కువగా ఐస్‌క్రీములు. సరుకులకి 84.

మూఢానికి దోషాలూ ఉన్నాయి. సెప్టెంబరులో ఓర్లాండోలో ఎండ, దాన్ని మించిన ఉక్క. "ఈ చెమట కోసం ఇంత దూరం రావాలా, తెనాలిలో ఊరికే వస్తుందిగా" అన్నది మొదటిరోజు పదకొండింటికి అత్తయ్య మాట. మధ్యాహ్నం ఉరుములు, మెరుపులు వస్తే ఆరుబయట రైడ్లు ఆపేస్తారు. ముందే డాలర్ స్టోరులో కొన్న ప్లాస్టిక్ వానకోట్లన్నీ పనికొచ్చాయి. మరమ్మతులకి రైడ్లు మూసేది కూడా ఎక్కువగా ఇలాంటి ఖాళీ నెలల్లోనే.

అన్నిటికంటే పెద్ద గండం తుఫాను. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా అక్కడ తుఫానుల కాలం, సెప్టెంబరు దానికి నడినెత్తి. డిస్నీ హోటల్లో దిగితే, రావలసిన రోజుకి వారం లోపల ఓర్లాండోకి గానీ మన ఊరికి గానీ హరికేన్ హెచ్చరిక వస్తే వాళ్ళ తరఫు రుసుము లేకుండా రద్దు చేసుకోనిస్తారు. మేం తీసుకున్న అద్దె ఇంటికి అలాంటి షరతేం లేదు. నేను బుక్ చేసేటప్పుడు ఆ పేజీ చదవనే లేదు. మేం అక్కడున్న బుధవారం ఫ్రాన్సీన్ తుఫాను లూసియానాలో తీరం దాటింది. టీవీ ముందు కూర్చుని, ఇక్కడికి ఎన్ని మైళ్ళని అత్తయ్య రెండుసార్లు అడిగారు. మేం వచ్చేసిన రెండు వారాలకి, సెప్టెంబరు 26న, హెలీన్ ఫ్లోరిడాని కొట్టి మా జార్జియా మీదుగా పోయింది. ఆ తర్వాత మిల్టన్ వచ్చినప్పుడు, అక్టోబరు 9 మధ్యాహ్నం నుంచి పార్కులే మూసేశారు, 10న తెరవలేదు. మాకు డబ్బు దక్కడం అదృష్టం, ప్రణాళిక కాదు. సెప్టెంబరులో వెళ్ళేవాళ్ళు ముందు చూడాల్సింది ధర కాదు, రద్దు షరతు.

ఇక అసలు లెక్క. సోమవారం ఎప్‌కాట్‌లో పది. అందులో మూడు ఒకటే రైడు. నీళ్ళలో కూరగాయలు పండించే గాజు తోటల మధ్య నుంచి పడవ వెళ్తుంది, అత్తయ్య దిగగానే మళ్ళీ వరసలో నిలబడేవారు. మంగళవారం మ్యాజిక్ కింగ్‌డమ్. ఆ సాయంత్రం హాలోవీన్ పార్టీ ఉంది. దానికి విడి టికెట్టు లేనివాళ్ళకి ఆరింటితో సరి, బాణసంచా ఉండదు. అందుకే పగలు జనం పలచగా ఉంటారు. పదహారు ఎక్కాం. పీటర్ పాన్ దగ్గర పాతిక నిమిషాలు పట్టింది. బుధవారం యానిమల్ కింగ్‌డమ్‌లో ఎనిమిది. లయన్ కింగ్ ప్రదర్శన రైడు కాదని నేనంటే, "కూర్చోబెట్టి చూపించారుగా, రాయి" అన్నారు అత్తయ్య. మూడు రోజులకి ముప్ఫై నాలుగు. టికెట్లు, పార్కింగ్ కలిపి భాగిస్తే రైడుకి 40 డాలర్లు.

గురువారం హాలీవుడ్ స్టూడియోస్. పొద్దున్నే చిన్నాడు మంచం దిగనన్నాడు. పెద్దది కాళ్ళు నొప్పులంది. నాకూ నొప్పులే. అయినా టికెట్టు పోతుందని అందరినీ లాక్కెళ్ళాను. అక్కడ చాలా రైడ్లకి పిల్లాడి ఎత్తు చాలదు. మూడు ఎక్కి, పన్నెండింటికి ఇంటిదారి పట్టాం. కారులో ఎవరూ మాట్లాడలేదు. ఆ రాత్రి అత్తయ్య పుస్తకంలో వేశారు: టికెట్లు 420, పార్కింగ్ 30, రైడ్లు 3. రైడుకి 150. క్రిస్‌మస్ నాటి 157కి ఏడే తక్కువ.

మొత్తం ప్రయాణం 2,890 డాలర్లు చిల్లర అయింది. అంటే క్రిస్‌మస్ ప్రయాణానికి దాదాపు రెట్టింపు. ఖాతాలో దాచింది సరిపోక 190 ఆ నెల జీతంలోంచి తీశాం. ఆఫ్ సీజన్‌లో వెళ్ళి డబ్బు మిగిల్చామని స్నేహితులకి చెప్పుకుంటున్న మా ఆయన ముందు అత్తయ్య పుస్తకం పెట్టారు. "మిగల్లేదురా. తక్కువకొస్తోందని ఎక్కువ కొన్నారు."

చీరల దుకాణంలో తగ్గింపు రోజుల్లో నేను చేసే పనే అది, పేరు మారింది. రోజుకి 99 అన్న అంకె చూసి నాలుగు రోజులు కొన్నాం. మాకు కావలసినవి రెండు, మహా అయితే మూడు. తక్కువ రోజుల టికెట్టుకి రోజుకి ఇంకాస్త ఎక్కువ పడినా, మొత్తం మీద మూడు నాలుగు వందలు, ఒక గురువారపు నిద్ర మిగిలేవి.

అత్తయ్య సెప్టెంబరు ఆఖర్న తెనాలి వెళ్ళిపోయారు. నోటుపుస్తకం మా వంటింట్లోనే వదిలేశారు, మరిచిపోయి కాదు. మళ్ళీ వెళ్తే జనవరి చివర్లో, రెండు రోజుల టికెట్టు, మధ్యలో ఒకరోజు కొలనులో ఈత. ఇల్లు మాత్రం వారం ముందు దాకా రద్దు చేసుకోనిచ్చేదే తీసుకుంటాం. చిన్నాడికి మూడు నిండాయి, ఇకనుంచి వాడికీ టికెట్టు కొనాలి.