నడిచింది ఎంత, జరిగింది ఎంత

తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంలో మా పిల్లలను తికమక పెట్టే మాటలు రెండు: దూరం, స్థానభ్రంశం. దూరం ఇంట్లో వినే మాటే. రెండోది భయపెడుతుంది. భ్రంశం అంటే జారిపోవడం. ‘భ్రష్టు’ దానికి దగ్గరి చుట్టం. ఇంట్లో గోర్‌బోలీ, బడిలో తెలుగు, పుస్తకంలో సంస్కృతం. ఇన్ని మెట్లు ఎక్కితే గాని సుగాలి పిల్లకు ఆ మాట అందదు. తండాల్లో పుట్టి బళ్లలో పాఠాలు చెబుతున్న మేము అందుకే దాన్ని కోటప్పకొండతో మొదలుపెడతాం. శివరాత్రి తిరనాళ్ల చూడని పిల్లలు మా వైపు తక్కువ.

కొండ కింది నుంచి త్రికోటేశ్వరుడి గుడికి మెట్లదారి ఉంది, వంపులు తిరిగే ఘాట్ రోడ్డూ ఉంది. ఒకే చోట బయలుదేరి అక్క మెట్లెక్కింది, తమ్ముడు బస్సెక్కాడు. అక్క దారి ఒక కిలోమీటరు, తమ్ముడి దారి నాలుగు అనుకుందాం. దూరాలు వేరు. ఇద్దరూ చేరింది ఒకే గుడి ముందుకు, కాబట్టి స్థానభ్రంశం ఒకటే. కింది నుంచి గుడికి ఒక పిట్ట తిన్నగా ఎగిరితే పడే గీత అది. (ఈ కొండ మీద కాకులు వాలవంటారు, అందుకే పిట్ట అన్నాం.) ఆ గీతకు పొడవుతో పాటు దిక్కు కూడా చెప్పాలి. నరసరావుపేట నుంచి ఇన్ని కిలోమీటర్లు పోయామంటే చాలదు. దక్షిణానికి పోతేనే కొండ వస్తుంది. దిక్కు అక్కర్లేని దూరం అదిశ రాశి, దిక్కు కావలసిన స్థానభ్రంశం సదిశ రాశి.

దర్శనం చేసుకుని బయలుదేరిన చోటికే దిగివస్తే స్థానభ్రంశం సున్నా. ఇది పిల్లలు ఒప్పుకోరు. ‘మరి కాళ్లెందుకు నొస్తున్నాయి సార్?’ అంటారు. మంచి ప్రశ్న. కాళ్లకు తెలిసేది దూరమే. తిరనాళ్లకు వచ్చి ఊరికి తిరిగిపోయిన ప్రభకూ స్థానభ్రంశం సున్నాయే; దాని పగ్గాలు పట్టిన చేతులను అడగండి.

కొండ కథ కూడా పనికొస్తుంది. రుద్రశిఖరం మీది స్వామి గొల్లభామ ఆనందవల్లి వెంట దిగివస్తూ, ఆమె వెనక్కి తిరిగి చూడగానే బ్రహ్మశిఖరం మీద ఆగిపోయాడట. ఈ శిఖరం నుంచి ఆ శిఖరానికి గీసిన గీత స్వామి స్థానభ్రంశం. దారిలో ఎన్ని మలుపులు తిరిగాడో ఆ గీత చెప్పదు.

మమ్మల్ని పట్టి ఉంచేది ఈ చెప్పకపోవడమే. మా పూర్వీకులు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగినవాళ్లు. రైళ్లు వచ్చాక ఆ బతుకు పోయింది. ఇప్పుడు మిర్చి కోతలకు పోతాం. పిల్ల యాడి వెంట పోయి, కొన్ని వారాలకు తిరిగి వచ్చి అదే బెంచీలో కూర్చుంటుంది. హాజరు పట్టీ వరకూ ఆ పిల్ల స్థానభ్రంశం సున్నా. మధ్యలో పోయిన పాఠాలను ఎవరూ దూరం కింద లెక్క వేయరు. మాలో కొందరు ఆ బెంచీల్లో కూర్చున్నవాళ్లమే.

పేపర్లలో ఇదే మాట మనుషులకూ వాడతారు. మాచర్ల వైపు నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. తర్వాత నాగార్జునకొండ లోయ మునిగింది. తవ్వకాల్లో బయటపడ్డ బౌద్ధ కట్టడాల్లో కొన్నింటిని కొండ మీదికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. ఆ రాళ్లు ఎంత జరిగాయో మీటర్లలో చెప్పొచ్చు. లోయలో ఊళ్లు వదిలినవాళ్లు ఎంత జరిగారో కూడా పటం మీద కొలవొచ్చు. కానీ బయలుదేరిన చోటు నీళ్ల కింద ఉంది, వాళ్ల స్థానభ్రంశం సున్నా అయ్యే దారి లేదు. పోలవరం కింద ఊళ్లు వదిలిన కోయలకు, కొండరెడ్లకు ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులు కొంచెం నిదానించాలని మా మనవి. ఆ మాట విని ఏ పిల్లో తల దించుకోవచ్చు.

పరీక్షకు పనికొచ్చేది ఒకటి. బడి ఆవరణలో 7 మీటర్ల తాడుతో ముగ్గు వేసి గుండ్రం గీయండి. పిల్లలను దాని అంచు మీద సగం నడిపిస్తే దూరం 22 మీటర్లు, స్థానభ్రంశం 14. మొత్తం తిరిగితే 44, సున్నా. ముందు నడిపించి, తర్వాతే బోర్డు మీద రాయండి.