రెండు లిపుల గ్రంథాలయం

గత వేసవి సెలవులలో కామవరపుకోటలోని మా యింట తాతగారి పుస్తకాల పెట్టె తెరిచాము. ఉర్దూ గ్రంథాలు, తెలుగు కావ్యాలు కలిసి 140 వరకు ఉన్నవి. చెదలు మిగిల్చినవాటిని స్కాను చేసి, కాపీహక్కు తీరిన మరికొన్ని పాత గ్రంథాలను ఇంటర్నెట్ ఆర్కైవు నుండి తెచ్చి జతపరచి, అన్నిటినీ ఒక పట్టికలో అమర్చే పని నాపై పడింది. పెద్ద గ్రంథాలయాలకు న్యూజిలాండులో పుట్టిన ‘కోహా’ ఉన్నది. మా యింటికి అంత సంరంభం అనవసరమని, 2006లో కోవిద్ గోయల్ ప్రారంభించిన ఉచిత సాఫ్ట్‌వేరు ‘కాలిబర్’ను ఎన్నుకున్నాను.

చిక్కంతా పేర్లతోనే. పాశ్చాత్యుల ఇంటిపేరు చివర ఉండటంచేత, ఈ సాఫ్ట్‌వేరు రచయిత పేరులోని చివరి మాటను ముందుకు తెచ్చి అకారాది క్రమం కూర్చుతుంది. ఆ లెక్కన గుర్రం జాషువాగారు జకారంలోకి పోతారు. పేరును ఉన్నదున్నట్లు ఉంచమని అమరిక మార్చితే తెలుగు కవులు స్వస్థానాలకు చేరుతారు గాని, మనవారిలో షేక్, సయ్యద్ అని మొదలయ్యేవారందరూ ఒక్కచోట గుమిగూడుతారు. (మన తరగతుల హాజరుపట్టీ చూచినవారికి ఇది వింత కాదు.) పిఠాపురం కవి ఉమర్ ఆలీషాగారి పేరును మాత్రం విడదీయక ఒక్కటిగానే ఉంచాను.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ద్వారా వచ్చిన తెలుగు గ్రంథాలకు శీర్షికలు రోమను అక్షరాలలో, తరచు తప్పులతో ఉంటవి. ముఖపత్రం తెరిచి చూచి రాసుకోవలసిందే. ‘గ్రన్థము’ అని ఎక్కించిన పుస్తకం ‘గ్రంథము’ అని వెతికితే దొరకదు. ఉర్దూలో తిరకాసు మరింత సూక్ష్మం: అరబ్బీ ‘కాఫ్’, ఉర్దూ ‘కాఫ్’ మాట నడుమ కంటికి ఒకటే, యూనికోడులో వేర్వేరు సంఖ్యలు. ఇద్దరు రెండు కీబోర్డులతో పేర్లెక్కిస్తే, ‘కితాబ్’ కోసం వెతికినవారికి సగం కితాబులే కనబడతవి.

ఇవన్నీ ఓపికతో తీరేవే. మా యింటి పిల్లలు ఉర్దూ మాట్లాడుతారు, చదవలేరు. నాకూ కూడబలుక్కొని చదివేంతే వచ్చు. శీర్షిక ఉర్దూ లిపిలోనే ఉంటే ఆ గ్రంథం వారికి లేనట్టే. తెలుగులోకి మార్చి ఊరుకుంటే ఉర్దూ చదువరికి అన్యాయం. అందుచేత అసలు పేరును అలాగే ఉంచి, అదనంగా ఒక గడి కల్పించి, తెలుగు లిపిలో ఉచ్చారణను, ఒక వాక్యంలో విషయాన్ని చేరుస్తున్నాను. వాటిని చదివి చెప్పేవారు మా అమ్మగారు. ఆమె తరువాత ఆ పని చేయగలవారు మా యింట లేరు. ఇప్పటికి ముప్పైకి పైగా పూర్తయినవి. సిరా మసకబారిన పుటలను మాత్రం ఆమె మధ్యాహ్నపు వెలుతురుకు వాయిదా వేస్తున్నారు.